శభాష్ పలక

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న బడి ఉండేది. అడవి ఎంత పెద్దదంటే దానికో రాజు, రాజుకు మంత్రులు, మంత్రులకు శాఖలు, ఆ శాఖలకు మళ్ళీ కమిటీలు ఉండేవి. బడి ఎంత చిన్నదంటే దానికి ఒక్కతే టీచరు.

ఆ టీచరు పేరు చుక్కమ్మ. చుక్కల దుప్పి. ఆవిడ పిల్లలకు చెప్పేది ఒక్క లెక్కలే. ఎందుకలా అంటే దానికో కారణం ఉంది, అది చెప్పకుండా కథ ముందుకు పోదు.

నాలుగేళ్ళ కిందట ఒక వానాకాలం సాయంత్రం దుప్పి పిల్లలు ఎర్రవాగుకు నీళ్ళకు వెళ్ళాయి. చుక్కమ్మ ఆ రోజు కాలు బెణికి పొదలోనే పడుకుంది. పిల్లలు తిరిగొస్తున్న చప్పుడు విని "అందరూ వచ్చారా?" అని అడిగింది. "ఆ, వచ్చేశారు" అన్నారు పెద్దవాళ్ళు. వెళ్ళింది పన్నెండు మంది, వచ్చింది పదకొండు మంది. ఎవరూ లెక్కపెట్టలేదు, పెట్టడం ఎవరికీ రాదు కూడా. ఆ రానిది చుక్కమ్మ బిడ్డ. నా బిడ్డేదని ఆవిడ కుంటుకుంటూ వెళ్ళేసరికి వాగు పక్క ఊబి మీద నుంచి నీళ్ళు పోతున్నాయి.

ఆ తర్వాత చుక్కమ్మ ఎవరినీ తిట్టలేదు. దోసెడు గురివింద గింజలు ఏరుకొచ్చి బడి పెట్టింది.

బడి గుమ్మం పక్కన రాతిలో ఒక గుంట ఉండేది. సాయంత్రం బడి వదిలాక పిల్లలందరూ కలిసి వాగుకు వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరు ఒక్కో గింజ ఆ గుంటలో వెయ్యాలి. వచ్చేటప్పుడు ఒక్కో గింజ తియ్యాలి. గుంట ఖాళీ అయితే అందరూ ఇళ్ళకు. గింజ మిగిలితే అందరూ మళ్ళీ వాగుకు. అదే ఆవిడ చెప్పే తీసివేత. ఆ గింజలతోనే కూడిక, ఆ గింజలతోనే ఎక్కం. నాలుగేళ్ళలో ఒక్క పిల్ల తప్పిపోలేదు.

ఇక్కడే వచ్చింది చిక్కు. పిల్ల తప్పిపోతే కమిటీ వేస్తారు, వెతుకుతారు, దండలు వేస్తారు. తప్పిపోకపోతే ఆ బడి ఉన్నట్టు కూడా పైవాళ్ళకు గుర్తుండదు. కాబట్టి నాలుగేళ్ళ తర్వాత ఉన్నట్టుండి రాజుగారి దగ్గర నుంచి ఉత్తరువు వస్తే, అది గింజల సంగతి కనుక్కుని వచ్చింది కాదు. పక్క అడవిలో పిల్లలు వెలుగు పలకల మీద లెక్కలు చేస్తున్నారట, మనం వెనకబడిపోయాం, తక్షణం ఒక పలకను పరిశీలించి బడిలో పెట్టండి అని దాని సారాంశం.

పరిశీలనకు ముగ్గురు సభ్యుల కమిటీ వేశారు. ఛైర్మన్ ఏనుగు దంతప్ప, విద్యాశాఖ పెద్ద. మనిషి, అంటే ఏనుగు, మంచివాడే. కాకపోతే తన సంతకం మీద ఆయనకు విపరీతమైన గౌరవం. రెండో సభ్యుడు నెమలి నీలకంఠం, ఏ సభకైనా అందం కోసం పిలుస్తారు. మూడో సభ్యుడు ఎలుగుబంటి ఎలుగయ్య. ఆయన్ని ఎందుకు వేశారో ఆయనకూ తెలియదు, వేసినవాళ్ళకూ తెలియదు, కానీ ఎలుగయ్య లేని కమిటీ ఆ అడవిలో ఇంతవరకూ లేదు.

చుక్కమ్మను కమిటీలో వెయ్యలేదు. "ఆవిడ లెక్కలు చెప్పే టీచరు కదా, లెక్కల మీద ఆవిడకు పక్షపాతం ఉంటుంది" అన్నాడు నీలకంఠం. నిజమే మరి.

పలక పట్టుకొచ్చింది చిలక శుకాచారి. పట్నంలో జోస్యం చెప్పేవాడి పంజరంలో పదకొండేళ్ళు చీటీలు తీసిన అనుభవశాలి. ఎవరి మొహం చూస్తే ఏ చీటీ తియ్యాలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"ఇందులో సాఫ్ట్‌వేర్ ఉందండీ" అన్నాడు శుకాచారి మొదటి మాటగా.

సాఫ్ట్‌వేర్ అంటే ఏమిటని ముగ్గురిలో ఒక్కరూ అడగలేదు. అడిగితే తెలియదని తెలిసిపోతుంది కదా. ముగ్గురూ ఒకేసారి తలలూపారు.

"పైన లెక్క పడుతుంది. కింద నాలుగు జవాబులు పడతాయి. నచ్చింది నొక్కడమే. సరైనదైతే పూలవాన కురిసి శభాష్ అంటుంది."

"తప్పయితే?" అన్నాడు దంతప్ప.

"తప్పనే మాట మా పలకలో లేదండీ. పిల్ల మనసు నొచ్చుకోదూ? మొదటిసారి దాదాపు శభాష్ అంటుంది. రెండోసారి ఇంకొంచెం శభాష్ అంటుంది. మూడోసారి ఎక్కడ నొక్కినా పూర్తి శభాష్."

దంతప్ప తొండంతో పలకను దగ్గరకు లాక్కున్నాడు. ఎనిమిదీ అయిదూ ఎంత అని పడింది. ఆయన కాసేపు ఆలోచించాడు. చిన్నప్పుడు ఇంత ఒళ్ళేసుకుని ఇంత చిన్న కూడిక రాదా అని తోటి గున్నలు నవ్విన సంగతి జ్ఞాపకం వచ్చింది. ఒకచోట నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. మూడోసారి నొక్కేసరికి పూలవాన కురిసింది. "శభాష్" అంది పలక.

దంతప్ప చెవులు ఆడించడం మానేశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "నా జన్మలో లెక్కల్లో నన్నెవరూ శభాష్ అనలేదయ్యా శుకాచారీ" అన్నాడు. పాపం, ఆ మాట మాత్రం మనస్ఫూర్తిగా అన్నాడు.

ఆ తర్వాత పరిశీలన చకచకా సాగింది. నూరు మార్కుల పత్రం, నాలుగు గడులు, గడికి పాతిక. అరవై వస్తే బడిలో పెట్టాలి, రాకపోతే తిప్పి పంపాలి. మొదటి గడి రంగులు. నీలకంఠం తన తోకను వెనక్కి తిరిగి చూసుకుని, పలకను చూసి, పంతొమ్మిది వేశాడు. రెండో గడి శబ్దం. కునుకు తీస్తున్న ఎలుగయ్యను శభాష్ అన్న కేక ఉలిక్కిపడేలా లేపింది కాబట్టి ఆయన తొమ్మిది వేశాడు. మూడోది ఉత్సాహం. దంతప్ప పాతికకు పాతిక వేసి, ఇంకా వెయ్యడానికి చోటు లేదని బాధపడ్డాడు.

నాలుగో గడిలో 'దీనివల్ల లెక్కలు వస్తాయా?' అని ఉంది. అక్కడ ఆగారు.

"ఇది నింపాలంటే ముందు మనకు లెక్కలు రావాలి కదండీ" అన్నాడు ఎలుగయ్య. ఆ కమిటీలో ఎవరైనా అన్న తెలివైన మాట అదొక్కటే.

"పిల్లలకు ఇచ్చి చూద్దామా?" అన్నాడు నీలకంఠం.

"పిల్లలతో వద్దు, అల్లరి చేస్తారు, పరిశీలన పాడవుతుంది" అన్నాడు దంతప్ప. ఆ గడిలో చిన్న గీత పెట్టారు.

ఇక మార్కులు కూడాలి. ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పంతొమ్మిదీ తొమ్మిదీ పాతికా, ఒక గీతా. శుకాచారి ఒక్క క్షణం వాళ్ళ మొహాలు చూశాడు. పాత అలవాటు ఎక్కడికి పోతుంది?

"ఎదురుగా పలక ఉండగా మీకెందుకండీ శ్రమ" అన్నాడు.

పలక మీదే కూడారు. పలక దాదాపు శభాష్ అంది, ఇంకొంచెం శభాష్ అంది, మూడోసారికి శభాష్ అని పూలు కురిపించి నూరు చూపించింది. దంతప్ప నూటికి నూరు అని రాసి కింద సంతకం పెట్టాడు. తన పరీక్ష పేపరు తనే దిద్దుకునే భాగ్యం ఆ పలకకు దక్కినట్టు ఇంకెవరికీ దక్కదు.

చుక్కమ్మకు పత్రం చూపించినప్పుడు ఆవిడ గింజలు పరిచి చూసింది. "అయ్యా, ఇది యాభై మూడండీ" అంది.

"టీచరమ్మా, నీ గింజలు పాతవి" అన్నాడు దంతప్ప జాలిగా.

పలక బడిలోకి వచ్చింది. దానితోపాటు ఒక ఆజ్ఞ కూడా వచ్చింది. ఇకమీదట బడిలో గింజలు వాడరాదు, రెండూ కలిపి వాడితే పిల్లలకు లెక్కలు దేనివల్ల వచ్చాయో తేలదు, పలకకు రావలసిన పేరు గింజలు కొట్టేస్తాయి. వాగు నుంచి వచ్చిన పిల్లల హాజరు కూడా పలకే చెబుతుంది. పిల్లలు రాగానే పలక నొక్కాలి, అది చెప్పింది పుస్తకంలో ఎక్కించాలి.

మొదటివారంలోనే బడి మారిపోయింది. ఇంతకుముందు ఒక్క లెక్కకు ముక్కు చీదుకుంటూ కూర్చునే పిల్లలు ఇప్పుడు గంటకు రెండొందల లెక్కలు చేస్తున్నారు. బడి చుట్టూ శభాష్, శభాష్ అని ఒకటే మోత. తల్లులు మురిసిపోయారు. అడవిపంది వరాలమ్మ అయితే తన ఆరుగురు పిల్లలకూ దిష్టి తీసింది.

చుక్కమ్మ ఒక కోతిపిల్లను దగ్గరకు పిలిచి అడిగింది. "ఏడులోంచి మూడు తీస్తే ఎంత నాన్నా?"

"మూడుసార్లు నొక్కాలి టీచర్" అంది కోతిపిల్ల.

"నొక్కడం కాదురా. ఏడు మామిడిపళ్ళున్నాయి, మూడు తిన్నావు. ఎన్ని మిగిలాయి?"

కోతిపిల్ల బుర్ర గోక్కుంది. ఆవిడ ముక్కు మీద వేలితో మూడుసార్లు నొక్కి, శభాష్ అనడం కోసం చూస్తూ కూర్చుంది. చుక్కమ్మకు నవ్వు రాలేదు.

ఆవిడ దంతప్ప దగ్గరకు వెళ్ళి చెప్పింది. "అయ్యా, పిల్లలు కూడిక మరిచిపోతే పోనీ, మళ్ళీ నేర్పుకుంటాం. వాగు దగ్గర మాత్రం నా గింజలు నాకు వదిలెయ్యండి. వానాకాలం వస్తోంది. మీ గుండుగాడు కూడా వాళ్ళతోనే వెళ్తున్నాడు." గుండు అంటే దంతప్పకు లేకలేక పుట్టిన గున్న.

"వెళ్తున్నాడు కాబట్టే కదమ్మా మంచి పలక తెప్పించాను" అన్నాడు దంతప్ప. ఆయన నిజంగా అలాగే అనుకున్నాడు. గురివింద తన కింది నలుపు ఎరగదంటారు, కమిటీలు ఆ గింజను చూసైనా నేర్చుకోవు.

చుక్కమ్మ వెనక్కి వచ్చేసింది. ఉద్యోగం పోతే పోయిందనుకుంది. ఆ రోజు నుంచి పిల్లలు వాగుకు వెళ్తుంటే గుమ్మం పక్క బండ చాటున నిలబడి, ఒక్కో పిల్ల దాటగానే ఒక్కో గింజ తనే గుంటలో వేసేది. వచ్చేటప్పుడు తనే తీసేది. బడిలో పిల్లలు ఇరవై ముగ్గురు. గింజలు ఇరవై మూడు.

తొలివానలు పడ్డాయి. ఆ రోజే పక్క అడవి నుంచి పలకను చూసిపోదామని రెండు కొంగలు వచ్చాయి. దంతప్ప స్వయంగా బడికి వచ్చి చాప వేయించాడు. నీలకంఠం పురి విప్పాడు. ఎలుగయ్య చాప మీద పడుకున్నాడు. శుకాచారి పలక పక్కన నిలబడ్డాడు.

"మీ అడవిలో పలకలెలా ఉన్నాయి?" అని మర్యాదకు అడిగాడు దంతప్ప.

"మాకెక్కడివండీ? మీ అడవిలో ఉన్నాయని మా రాజుగారు విని, చూసి రమ్మన్నారు" అంది ఒక కొంగ.

శుకాచారి ఆకాశం వంక చూశాడు. అప్పుడే పిల్లలు వాగు నుంచి బురదకాళ్ళతో పరిగెత్తుకొచ్చి బడిలో దూరారు. దంతప్ప కొంగల ఎదుట పలకను తొండంతో మూడుసార్లు నొక్కాడు.

"శభాష్. అందరూ వచ్చేశారు" అంది పలక.

కొంగలు ఒంటికాలి మీద నిలబడే తలలూపాయి. దంతప్ప పుస్తకంలో ఇరవై మూడు అని రాసి, ఎప్పటికన్నా కాస్త పెద్ద సంతకం పెట్టాడు.

బండ చాటు నుంచి చుక్కమ్మ వచ్చింది. "అయ్యా, ఒక పిల్ల రాలేదు."

"గింజలు నిషేధించాం కదా టీచరమ్మా" అన్నాడు దంతప్ప, కొంగల వైపు చూసి నవ్వుతూ.

"నిషేధించారు. అయినా ఒకటి మిగిలింది."

"ఎవరు రాలేదో పేరు చెప్పు మరి" అన్నాడు నీలకంఠం.

"గింజ పేరు చెప్పదండీ. ఒకరు తక్కువని మాత్రం చెబుతుంది. పేరు మనం చూసుకోవాలి." ఆవిడ బడిలోకి నడిచి పిల్లలందరినీ కలియజూసింది.

ఏనుగు పిల్ల లేకపోతే ఎవరికీ కనబడదా అని మీరడగొచ్చు. అంత శరీరం, బడిలో సగం చోటు దానిదే. కనబడుతుంది, చూస్తే. అందరి కళ్ళూ పలక మీదే ఉన్నాయి. కన్నతండ్రి కళ్ళు కూడా.

"అయ్యా, మీ గుండు ఎక్కడ?" అంది చుక్కమ్మ నెమ్మదిగా.

"ఇక్కడే ఉంటాడమ్మా. ఇరవై మూడులోనే ఉన్నాడు, ఇప్పుడే సంతకం పెట్టాను." అన్నాడే గానీ, మళ్ళీ పలక నొక్కాడు. "శభాష్. అందరూ వచ్చేశారు" అందది.

అప్పుడు వాగు వైపు నుంచి సన్నగా ఒక ఘీంకారం వినిపించింది. దంతప్ప పుస్తకం వదిలేసి పరుగెత్తాడు. ఆయన కన్నా ముందు చుక్కమ్మ పరుగెత్తింది. ఆవిడకు దారి తెలుసు.

గుండు అదే ఊబిలో ఉన్నాడు. పొట్టదాకా దిగిపోయాడు. వాగు నీళ్ళు గడ్డం దాకా వచ్చాయి. తొండం పైకెత్తి ఊపిరి పీలుస్తున్నాడు. చుక్కమ్మ ఒడ్డున నిలబడి, "కదలకు నాన్నా, నాన్నగారు వస్తున్నారు, నా వైపే చూడు" అని అంటూనే ఉంది. దంతప్ప ఒక మద్దిచెట్టుకు కాలు దన్నుపెట్టి కొడుకును తొండంతో లాగాడు. మూడోసారి లాగేసరికి వాడు ఒడ్డున పడ్డాడు. అప్పుడెవరూ శభాష్ అనలేదు.

దంతప్ప కొడుకును ఒళ్ళంతా తడుముతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చుక్కమ్మ కూడా ఏడ్చింది. నాలుగేళ్ళ కిందట తనకు దొరకని సంతోషం ఇంకొకరికి దొరికిందని ఆవిడకు ఆనందంగానూ ఉంది, గుండె కోస్తున్నట్టుగానూ ఉంది.

"తల్లీ, రేపే ఆ పలకను తీయించేస్తాను" అన్నాడు దంతప్ప.

రేపు వచ్చింది. కమిటీ కూడింది.

"పలక తప్పు చెప్పింది, తీసేద్దాం" అన్నాడు దంతప్ప.

"తీసేద్దామండీ, దానికేం" అన్నాడు శుకాచారి ఆయన మొహం చూస్తూ. "కాకపోతే పుస్తకంలో ఇరవై ముగ్గురూ వచ్చేశారని మీరు సంతకం పెట్టారు. కొంగలు చూశాయి. ఈపాటికి పక్క రాజుగారికి చెప్పే ఉంటాయి. పలక తప్పంటే సంతకం తప్పు. సంతకం తప్పంటే మరి నూటికి నూరు కూడా మీ సంతకమే."

దంతప్ప కుర్చీలో కొంచెం కిందికి జారాడు.

"ఇంకో దారి లేదా?" అన్నాడు నీలకంఠం. పరిశీలన పత్రం మీద ఆయన పేరు కూడా ఉంది.

"లేకేమండీ. ఇరవై ముగ్గురూ వచ్చేశాక ఇంకో పిల్లాడు వాగు నుంచి వచ్చాడు. అంటే ఇరవై నాలుగోవాడు. బడిలో ఉన్నది ఇరవై ముగ్గురే. కాబట్టి ఆ వచ్చినవాడు అదనం."

ఎలుగయ్య ఒక్కడే కళ్ళు తెరిచి, "వాడు మీ అబ్బాయి కదండీ" అన్నాడు. ఆ మాట మినిట్సులో ఎక్కలేదు.

దంతప్ప సంతకం పెట్టాడు. ఆ సాయంత్రానికి బడి గోడ మీద కాగితం అంటించారు. పలక చెప్పింది సరైనదే, గుండు అనే గున్న అదనం, అదనపు పిల్లలకు బడిలో చోటు లేదు, నిషేధించిన గింజలు వాడి గందరగోళం చేసినందుకు చుక్కమ్మను తొలగించడమైనది. టీచరు ఉద్యోగం ఎలుగయ్యకు ఇచ్చారు. మూడుసార్లు నొక్కడమే కదా పని.

చుక్కమ్మ తన గింజలు మూటగట్టుకుని వాగు ఒడ్డున ఆ మద్దిచెట్టు కిందకు వెళ్ళి కూర్చుంది. మర్నాడు తెల్లవారుతూనే దంతప్ప కొడుకును వెంటబెట్టుకుని, అటూ ఇటూ చూసుకుంటూ వచ్చాడు.

"వీడు బడిలో లేడు కాబట్టి ఆజ్ఞ వీడికి వర్తించదు తల్లీ. గింజలతో చెప్పినా తప్పులేదు. నేనొచ్చానని మాత్రం ఎవరితోనూ అనకు."

"వాడిని ఇక్కడ వదిలేసి మీరు ఆఫీసుకెళ్ళండి" అంది చుక్కమ్మ. కోపంగానే అంది. అయినా గుండును దగ్గరకు తీసుకుని గింజలు ముందు పోసింది.

ఈ సంగతి దాగుతుందా? వారం తిరక్కుండా వరాలమ్మ దంతప్ప ఆఫీసుకు వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అయ్యా, మా ఆరుగురినీ అదనం చేసి పుణ్యం కట్టుకోండి."

"అదెలా కుదురుతుందమ్మా? వాళ్ళు తప్పిపోలేదే."

"తప్పిపోయేదాకా ఆగమంటారా?" అంది వరాలమ్మ.

దంతప్ప కాగితం తీసి సంతకం పెట్టాడు. ఆమె వెనక కోతులు, కోతుల వెనక దుప్పులు, దుప్పుల వెనక కుందేళ్ళు వరసలో నిలబడ్డాయి. శ్రావణం దాటేలోపు ఇరవై ముగ్గురూ అదనమైపోయారు. మద్దిచెట్టు కింద మళ్ళీ ముక్కులు చీదుకుంటూ ఒక్కో లెక్కకు గంట తీసుకోసాగారు. రోజూ సాయంత్రం అక్కడి రాళ్ళ మధ్య గుంట నిండుతుంది, ఖాళీ అవుతుంది.

అవతల బడిలో మాత్రం ఏ లోటూ లేదు. సాయంత్రం కాగానే ఎలుగయ్య నిద్ర లేచి, ఖాళీ గదిలో పలకను మూడుసార్లు నొక్కుతాడు. శభాష్, అందరూ వచ్చేశారు అంటుంది పలక. ఆయన ఇరవై మూడు అని రాస్తాడు. ఏడాది చివర రాజుగారు ఆ బడికి అడవిలోకెల్లా ఉత్తమ పాఠశాల అని దండ వేశారు. ఒక్క పిల్లా తప్పిపోలేదు, ఒక్క జవాబూ తప్పు పోలేదు, నూటికి నూరు.

నీతి: బడికి నూటికి నూరు రావాలంటే ముందు పిల్లలు అడ్డు తప్పుకోవాలి.